జోజి కుడికాలు

"బండి తీసే ముందు చూడవలసినవి ఏవి?"

"నీళ్ళు, నూనె, గాలి, బ్యాటరీ, బ్రేకు."

"రేడియేటరులో నీళ్ళు ఎప్పుడు పొయ్యాలి?"

"ఇంజను చల్లగా ఉన్నప్పుడు పొయ్యాలి. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది."

"ఇంజనాయిలు ఎలా చూడాలి?"

"బండిని చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపి, పుల్ల పైకి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి."

"బ్రేకు బాగున్నదని ఎలా తెలుస్తుంది?"

"తొక్కితే పెడలు గట్టిగా నిలబడాలి. మెత్తగా కిందికి దిగిపోతే నూనె తగ్గిందని గుర్తు."

ఈ ప్రశ్నలు అడిగే మనిషి దానమ్మ. కొబ్బరి ఈనెలు చీరుకుంటూ, చీపుళ్ళు కట్టుకుంటూ అడిగేది. జవాబులు చెప్పేవాడు ఆమె మొగుడు జోజి. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి చెప్పేవాడు. నగరం అనే ఊరి శివార్లలో ఉన్న వాళ్ళ పాలెంలో చిన్నప్పుడు ఆదివారపు బడిలో దేవుడి సంగతులన్నీ అలాగే నేర్పారు. ఒకరు అడగాలి, ఒకరు నిలబడి చెప్పాలి. ఒక్క మాట అటూ ఇటూ అయితే మళ్ళీ మొదటికి రావాలి. దేవుణ్ణి నేర్చుకున్న పద్ధతిలోనే మోటారు కారును కూడా నేర్చుకోవచ్చునని వాళ్ళిద్దరికీ తోచింది. అందులో నవ్వవలసిందేమీ లేదు. కాలేజీల్లో చదివేవాళ్ళు పరీక్ష గట్టెక్కేదీ అలాగే.

జోజి గొప్ప తెలివైనవాడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. అతనికి అంత తెలివి లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. చెప్పనిది అతనికి తోచేది కాదు. అటువంటి మనిషి బాగుపడాలంటే పైన ఉండి చెప్పేవాడు మంచివాడై ఉండాలి. జోజికి పైన ఉన్నది బుల్లిరాజుగారు.

బుల్లిరాజుగారికి నగరం చుట్టుపక్కల కొబ్బరితోటలు ఉండేవి, సొంత నూనె గానుగ ఉండేది. యుద్ధం అయిపోయిన మరుసటేడు ఆయన కాకినాడలో ఎవరో డాక్టరు వాడి వదిలేసిన అమెరికా కారు ఒకటి కొన్నారు. ఆ కారును మా లంకల్లోకి తేవడానికి రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద ఏరు దాటించవలసి వచ్చింది. చూడడానికి పాశర్లపూడి రేవుకు జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. పంటు మీంచి గట్టెక్కలేక కారు ఇసకలో దిగబడితే వెనక నుంచి తోసినవాళ్ళలో జోజి ఒకడు. తోసిన తరువాత కూడా వెళ్ళిపోకుండా తువ్వాలుతో ఇసక తుడుస్తూ నిలబడ్డాడు. రాజుగారు చూసి, "బాగానే తుడుస్తున్నావురా, రేపట్నుంచి షెడ్డు దగ్గరికి రా" అన్నారు. కొబ్బరికాయలు ఒలిచే జోజి ఆ రోజు నుంచి క్లీనరు అయ్యాడు.

కారుతో పాటు కాకినాడ నుంచి ఒక డ్రైవరు కూడా వచ్చాడు. జోజికి ఈ ప్రశ్నలూ జవాబులూ నోటిమాటగా చెప్పినవాడు అతనే. హ్యాండిల్ తిప్పడం దగ్గర నుంచి స్టీరింగు పట్టడం దాకా నేర్పాడు. ఏడాది తిరక్కుండా రాజుగారి నోటికి దణ్ణం పెట్టి పంటెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు రాజుగారు ఇంకో డ్రైవరును వెతకలేదు. జోజినే కూర్చోబెట్టారు. జీతం మాత్రం క్లీనరు జీతం. లైసెన్సు సంగతి జోజి ఎత్తితే ఆయన పెద్దగా నవ్వేవారు.

"లైసెన్సు దేనికిరా నీకు? ఈ లంకలో నిన్నాపేవాడెవడు?"

"ఆపరండి. కానండి, పరీచ్చకెళ్తే..."

"పరీక్షకెళ్తే ప్యాసవుతావు. ప్యాసయితే అమలాపురం బస్సుల వాళ్ళు ఎగరేసుకుపోతారు. నేను మళ్ళీ ఎవణ్ణి తెచ్చుకోను? నోరు మూసుకుని తుడు."

"ఆయ్" అనేవాడు జోజి.

రాజుగారి అంచనా తప్పేమీ కాదు. అమలాపురంలో బస్సులు నడిపే ఒక ఆసామి జోజితో, లైసెన్సు తెచ్చుకుంటే చాలు, ఆ పూటే స్టీరింగు ఇస్తానన్నాడు. దానమ్మ ఆ మాట పట్టుకుని వేలాడింది. పాలెంలో పుట్టినవాడు ఖాకీ చొక్కా తొడుక్కుని బస్సులో ముందు సీట్లో కూర్చుంటే, వెనక కూర్చున్న కామందులు అతను ఆపినచోట దిగాలి. ఆమె కోరిక అంతకంటే పెద్దది కాదు, చిన్నదీ కాదు. అందుకే ఆ ప్రశ్నలు ఆమెకు కూడా నోటికి వచ్చేశాయి. జోజి నిద్రలో పక్కకు తిరిగితే "ఫాను బెల్టు ఎలా చూస్తావు?" అని అడిగేదని పాలెంలో ఎగతాళి చేసేవారు.

బ్రేకులో పోసే నూనె డబ్బా కాకినాడ నుంచి రావాలి. ఒక వేసవిలో ఆ డబ్బా అయిపోయింది. పెడలు మెత్తగా దిగిపోతున్నదని జోజి రాజుగారితో చెప్పాడు. ఆయన అప్పుడే గానుగ దగ్గర నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"నూనె కావాలా? ఏం నూనెరా?"

"బ్రేకాయిలండి. కాకినాడ్నుంచి తెప్పించాలండి."

"కొబ్బరి నూనెలో ఈదులాడుతున్నాను నేను. కాకినాడ పోయి నూనె కొనుక్కోమంటావా? నూనె నూనేరా! మన గానుగలోది తీసుకెళ్ళి పొయ్యి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జోజి పోశాడు. మనసులో అనుమానం ఉండి కూడా భయంతో పోశాడని అనుకోకండి. అతనికి ఏ అనుమానమూ లేదు. నేర్చుకున్న జవాబులో 'నూనె' అనే ఉంది, ఏ నూనె అని లేదు. పోసిన తరువాత పెడలు గట్టిగా నిలబడింది. కారు చెప్పినచోట ఆగింది. ఆ ఎండల్లోనూ, తరువాత వానల్లోనూ ఆ బ్రేకు అద్భుతంగా పనిచేసింది. రాజుగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు, తెల్లవాళ్ళు కూడా కనిపెట్టలేనిది తాను కనిపెట్టానని. కారు తలుపు తీస్తే తలంటు పోసుకున్న ఆడపిల్ల వాసన వస్తుందని ఒక హాస్యం కూడా కల్పించారు.

ఆ ఏడు చలికాలానికి అమలాపురానికి కొత్త పోలీసు అధికారి వచ్చాడు. కార్లు ఆపి డ్రైవర్ల లైసెన్సులు అడగడం మొదలుపెట్టాడు. రాజుగారు అమలాపురంలో ఒక పెళ్ళికి కారు దిగాలి. దిగితే తన డ్రైవరును నలుగురిలో పట్టుకుంటారన్న భయం పుట్టింది. పరీక్షకు వెళ్ళమని జోజితో అన్నది అప్పుడు. జోజి మీద జాలితో కాదు.

లైసెన్సులిచ్చే బ్రేకు ఇన్‌స్పెక్టరు కాకినాడ నుంచి అమలాపురం వచ్చి మకాం పెట్టే రోజు తెలిసింది. పుష్యమాసం. తెల్లవారగానే కదిలే మొదటి పంటు అందుకోమన్నారు రాజుగారు. ఆయనకు చలిలో లేవడం సరిపడదు కాబట్టి జోజి ఒక్కడే వెళ్ళాలి. అంతకు ముందు ఆ కారు అంత పొద్దున్నే ఎన్నడూ షెడ్డు దాటలేదు. రాజుగారు కాఫీ తాగి, పేపరు చదివి, ఎండ బాగా వచ్చాకనే ఎక్కేవారు.

దానమ్మ కూడా షెడ్డుకు వచ్చింది. మంచు కురుస్తున్నది. ఆమె దుప్పటి కప్పుకుని లాంతరు పట్టుకుంటే జోజి వరసగా అన్నీ చూశాడు. రేడియేటరులో నీళ్ళు పోశాడు. పుల్ల తీసి తుడిచి చూశాడు. టైర్ల మీద చేత్తో కొట్టి చూశాడు. చివరకు ఎక్కి కూర్చుని బ్రేకు తొక్కాడు.

"ఎలాగుంది?" అంది దానమ్మ.

"రాయిలాగుందే! ఎప్పుడూ ఇంత గట్టిగా లేదు."

"దేవుడున్నాడు" అంది దానమ్మ.

రాత్రంతా మంచులో నానిన ఇనప గొట్టాలలో కొబ్బరి నూనె పేరుకుపోయింది. పెడలు గట్టిగా ఉన్నది అందుకు. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనవసరం లేదు. పుష్యమాసంలో ఏ ఇంట చూసినా కొబ్బరి నూనె సీసా వెన్నముద్దై కూర్చుంటుంది. దాన్ని ఎండలో పెట్టి కరిగించి ఆడవాళ్ళు తల దువ్వుకుంటారు. దానమ్మ కూడా ప్రతి చలికాలమూ పెట్టింది. రాజుగారి ఇంట్లో వరసగా సీసాలే పెడతారు. ఇన్ని చేతుల మీదుగా ఇన్ని సీసాలు ఎండలోకి వెళ్ళాయి గాని, కారులో ఉన్నది కూడా ఆ నూనేనని ఒక్కరికీ తట్టలేదు. సీసాలో ఉంటే అది తలనూనె, కారులో పోస్తే అది బ్రేకాయిలు అయిపోయింది.

నగరం నుంచి రేవు దాకా గట్టు మీద దారి చదునుగా ఉంటుంది. మనుషులు లేరు. జోజి రెండో గేరులో మెల్లగా వెళ్ళాడు. బ్రేకుతో పని పడలేదు. రేవు దగ్గర మాత్రం గట్టు మీంచి ఏటిలోకి ఏటవాలుగా దిగాలి. కింద పంటు కోసం కొందరు నిలబడ్డారు. పంటు తాడు కట్టే గుంజ పక్కన వీరాయమ్మ కుంపటి ముందు కూర్చుని తేగలు కాలుస్తున్నది. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. చలికాలం తేగలు, వేసవిలో ముంజలు అమ్ముకుని ఆ రేవునే నమ్ముకుని బతికేది.

కారు వాలులోకి తిరిగింది. జోజి బ్రేకు తొక్కాడు. పెడలు రాయిలా నిలబడింది. చక్రాలు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు, సీట్లోంచి లేచి నిలబడి తొక్కాడు. చేతి బ్రేకు లాగాడు. ఉప్పు గాలికి దాని తీగ ఎప్పుడో తుప్పు పట్టి తెగింది. ఆ తీగ కూడా కాకినాడ నుంచే రావాలి, రాజుగారు తెప్పించలేదు. జోజి అరిచాడు. నిలబడ్డవాళ్ళు పక్కకు దూకారు. కూర్చున్న మనిషి లేచేలోపల కారు ఆమె కాళ్ళ మీదుగా పోయి, ముందు చక్రాలు నీళ్ళలో దిగాక ఆగింది.

రేవులో ఉన్నవాళ్ళు జోజిని కారులోంచి లాగి, చేతికందిన దానితో కొట్టారు. వీరాయమ్మను తలుపు చెక్క మీద పడుకోబెట్టి పంటు మీద అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఆమె కాళ్ళు రెండూ మోకాళ్ళ కింద నుంచి తీసేశారు. కారును ఎడ్లతో నీళ్ళలోంచి లాగి ఇసకలో నిలబెట్టారు. అది అక్కడే పొద్దెక్కేదాకా ఎండలో నిలబడింది.

పోలీసులు వచ్చారు. జోజి పరీక్ష ఏ బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ఇవ్వవలసి ఉన్నదో ఆయననే ఏరు దాటించి కారు చూడడానికి తీసుకువచ్చారు. ఆయన నెమ్మదైన మనిషి, పని తెలిసినవాడే. మొహం వాచి రేవు గుంజకు కట్టేసి ఉన్న జోజి దగ్గరకు వచ్చి అడిగారు.

"బండి తీసే ముందు బ్రేకు చూశావా?"

"ఆయ్, చూశానండి."

"ఎలా ఉంది?"

"గట్టిగా నిలబడిందండి."

"నూనె ఉందా?"

"నిండా ఉందండి."

అడిగినవన్నీ అతనికి వచ్చిన ప్రశ్నలే. అన్నిటికీ సరైన జవాబులే చెప్పాడు. ఏ నూనె పోశావని ఆయన అడగలేదు, ఎవరైనా ఎందుకు అడుగుతారు? ఆయన కారెక్కి గట్టు మీద ఆ చివరి దాకా నడిపి, తిరిగి వచ్చి, వాలులో దిగుతూ బ్రేకు తొక్కారు. అప్పటికి మిట్టమధ్యాహ్నం. కారు ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది. మళ్ళీ తొక్కారు, మళ్ళీ ఆగింది.

"బ్రేకులో లోపం లేదు. చేతి బ్రేకు తెగి ఉంది, అది డ్రైవరు చూసుకోవలసిన పని" అని రాయించారు.

జోజి గుంజకు కట్టేసి ఉండగానే ఇదంతా చూశాడు. తన కాలికి ఆగని కారు వేరే కాలికి ఆగడం చూశాడు. తాను తొక్కానన్నది అతనికి బాగా గుర్తుంది. కాని కళ్ళ ముందు కనబడుతున్నదాన్ని కాదని, లోపల గుర్తున్నదాన్ని నమ్మే ధైర్యం జోజికి ఎవరూ నేర్పలేదు. కాలు తడబడి ఉంటుందనుకున్నాడు. పక్క పెడలు తొక్కి ఉంటాననుకున్నాడు. ఆ పొద్దు వాలేసరికి తన కుడికాలే వీరాయమ్మ కాళ్ళు తీసిందని నమ్మేశాడు.

నాకు కోపం వచ్చేది ఇక్కడి నుంచి. ఇంతవరకూ జరిగింది తెలివితక్కువతనం, అది ఎవరికైనా ఉండవచ్చు. కేసు ఇంకా కోర్టులో ఉండగానే ఒక శనివారం బుల్లిరాజుగారు తలంటుకు పీట మీద కూర్చున్నారు. పనిమనిషి నూనె సీసా తెచ్చింది. సగం కరిగి సగం గడ్డగా ఉన్నది. సీసాను బోర్లిస్తే చుక్క రాలేదు. రాజుగారు సీసాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారట. తలంటు మాని షెడ్డుకు వెళ్ళి కారు కింద నుంచి నూనె మొత్తం తీయించేశారు. కాకినాడకు మనిషిని పంపి అసలైన బ్రేకాయిలు తెప్పించి పోయించారు, చేతి బ్రేకు తీగ కూడా వేయించారు. లైసెన్సున్న డ్రైవరును పెట్టుకున్నారు. ఆ తరువాత కోర్టుకు వెళ్ళి, జోజి దూకుడు మనిషనీ, పరీక్షకు వెళ్ళాలన్న తొందరలో తన అనుమతి లేకుండా కారు తీశాడనీ సాక్ష్యం చెప్పారు.

లైసెన్సు లేకుండా నడపడం ఒకటి, మనిషిని అవిటిని చేయడం ఒకటి. ఏడాదిన్నర వేశారు. రాజమండ్రి జైల్లో జోజి ఖాళీ దొరికినప్పుడల్లా గోడకు ఎదురుగా కూర్చుని కుడికాలితో గోడను తొక్కేవాడట. కాలిలో బలం ఉన్నదో లేదో చూసుకునేవాడు. చూడబోయిన దానమ్మతో అన్నాడు, "బలం ఉందే. మరాయేళ ఏమైందో తెలీట్లేదే."

విడుదలై వచ్చిన జోజిని ఏ మోటారు దగ్గరకూ రానివ్వలేదు. బుల్లిరాజుగారు మాత్రం పిలిచి పాత కొబ్బరి ఒలుపు పని ఇచ్చారు. నేలలో పాతిన ఇనప మొనకు కాయను పొడిచి పీచు ఒలిచే పని. ఎంత దయగలవారో అని ఊరంతా అనుకున్నది. జోజి కూడా అలాగే అనుకుని ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

ఆ వచ్చిన ఆదివారం ప్రార్థన తరువాత చర్చి గుమ్మంలోంచే జోజి తిన్నగా వీరాయమ్మ గుడిసెకు వెళ్ళాడు. ఆమె రేవుకు అర్ధకోసు దూరంలో, గట్టు కింద ఉండేది. కాళ్ళు పోయాక రేవుకు వెళ్ళలేక, ఇచ్చినవాళ్ళు ఇచ్చింది తిని బతుకుతున్నది. ఇచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. జోజి గుమ్మం బయట నిలబడి, రోజూ పొద్దున్న రేవుకు మోసుకెళ్తానండి, సాయంత్రం తీసుకొస్తానండి అన్నాడు. ఆమె అతని మీద చీపురు విసిరింది. పాలెం వాడు తనను ముట్టుకోవడమేమిటని కేకలు పెట్టింది. కాని ఆమె కులంలో ఒక్కడూ ఆమెను మోయడానికి రాలేదు. పస్తులు పెరిగాక ఒప్పుకున్నది.

జోజి వీపు మీద గోనెసంచి పరుచుకునేవాడు. ఆ గోనె మీద వీరాయమ్మ. మెడ పట్టుకోవలసిన చోట కూడా గోనె మడత మీదనే పట్టుకునేది. రేవు చేరగానే గుంజ దగ్గర దించి, తేగల బుట్టా కుంపటీ పక్కన పెట్టి, ఏటి నీళ్ళు ముంతతో తెచ్చి అక్కడ పెట్టేవాడు. ఆమె అతను చూస్తుండగానే, అతని మైల పోవాలని, అతను తెచ్చిన ఆ నీళ్ళే నెత్తిన చల్లుకునేది. సాయంత్రం మళ్ళీ అంతే. దారి పొడుగునా తిడుతూనే ఉండేది.

"నీ కాలు పడిపోనూ! నీ కాలు కట్టెల్లో పెట్టా! ఆ కాలుతోనే కదరా నా కొంప కూల్చేవు!"

"ఆయ్ అండీ" అనేవాడు జోజి.

రేవులో కూర్చున్నవాళ్ళకు అదొక వినోదం. జోజి వంగి ఆమెను దించుతుంటే, "బ్రేకు తొక్కరా, బ్రేకు!" అని ఎవరో అరిచేవారు. నవ్వనివాళ్ళు కూడా ఏమీ అనేవారు కాదు. దానమ్మను నీళ్ళకాలవ దగ్గర 'కాలు తప్పినోడి పెళ్ళాం' అనేవారు. ఆమె జోజితో పోట్లాడేది. జైలుకెళ్ళి వచ్చాక ఇంకా ఈ మోత దేనికని అడిగేది. జోజి, "జైలు సర్కారికే. ఇది ఆవిడికి" అనేవాడు. ఏళ్ళు ఇలా గడిచాయి. ఎండాకాలం ముంజలు, చలికాలం తేగలు. జోజి జుట్టు నెరిసింది, వీపు వంగింది. దానమ్మ ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానేసింది.

ఒక సంక్రాంతి వెళ్ళిన తరువాత రాజుగారి ఇంటికి కాకినాడ నుంచి చుట్టాలు వచ్చారు. కొత్త కారులో వచ్చారు. అరుగు మీద కాఫీలు తాగుతూ కార్ల మాటలు మొదలుపెట్టారు. పెరటి గుమ్మం దగ్గర జోజి కాయలు ఒలుస్తున్నాడు. రాజుగారు మంచి ఉషారులో ఉన్నారు.

"కార్ల సంగతి నన్నడగండి చెబుతాను. బ్రేకులో కొబ్బరి నూనె పోసినవాణ్ణి నేనొక్కణ్ణేనండి ఈ జిల్లాలో!" అని అందుకున్నారు. వేసవిలో ఎంత బాగా పనిచేసిందో, తలంటు వాసన ఎలా వచ్చేదో అభినయించి చూపించారు. పొట్టలు పట్టుకుని నవ్వారు చుట్టాలు. "తీరా చలికాలం వచ్చేసరికి గొట్టాల్లో గడ్డకట్టి కూచుందండి! తొక్కితే రాయి! నాకు తలంటు పోసుకుంటుంటే తెలిసింది, సీసా బోర్లిస్తే చుక్క రాలేదు. అప్పటికే మావాడు తిన్నగా ఏట్లోకి తోలేసేడు కారుని. అదుగో, వాడే! ఒరేయ్ జోజీ, గుర్తుందా?"

జోజి చేతిలోని కాయ ఇనప మొన మీదనే ఉండిపోయింది. లేచి, తువ్వాలు చేతుల్లోకి తీసుకుని అరుగు దగ్గరకు వచ్చాడు.

"గుర్తుందండి. అయితేనండి... నా కాలు తప్పలేదాండి?"

రాజుగారు చుట్టాల వైపు చూసి కన్ను గీటారు. "నీ కాలికేంరా, దుక్కలా ఉంది. నూనె పేరుకుపోతే నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? అయిందేదో అయింది. వెళ్ళు, వెళ్ళి కాయలొలుచుకో."

"ఆయ్" అన్నాడు జోజి. వెళ్ళి మిగిలిన కాయలు ఒలిచాడు. ఎవరైనా ఇక్కడ కత్తి పట్టుకుని తిరగబడతారని ఎదురుచూస్తే, వాళ్ళు ఇంకెవరి కథో చదవాలి.

సాయంత్రం రేవుకు వెళ్ళాడు. వీరాయమ్మను వీపుకెత్తుకుని గట్టెక్కాక చెప్పాడు. మొదటిసారి ఆమె తిట్లకు అడ్డుపడి మాట్లాడాడు. తడబడుతూ, మొదటి నుంచి చివరి దాకా, సీసా సంగతి, గొట్టాల సంగతి, రాజుగారి నోటి మాటలు, అంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. అది సంతోషమే. ఇన్నేళ్ళూ తన ఒంటికి అంటుకుని ఉన్న ఒక పరాయి కాలు ఆ పూట అతనికి సొంతమైంది.

గుడిసె దాకా వీరాయమ్మ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దించాక ముంత వైపు చెయ్యి చాచలేదు.

"అయితే నీ తప్పేం లేదంటావు" అంది.

"నూనె పోసింది నేనేనండి. పొయ్యమన్నది రాజుగారండి. కాలు మాత్రం తప్పలేదండి."

"మరింక నన్ను మొయ్యాల్సిన పనేముంది నీకు?"

జోజికి ఆ ఆలోచన అప్పటిదాకా రాలేదు. గోనెసంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "రేపొస్తానండి" అన్నాడు. ఆమె, "జోజీ" అని పిలిచింది. ఆమె నోటి నుంచి తన పేరు విన్నది అదే మొదలు. ఆమెకు భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆమెను రేవుకు మోసుకెళ్ళినది అతని తప్పు. ఇప్పుడు ఆ తప్పు లేదు.

ఆ సాయంత్రం జోజి ఇంట్లో చెప్పాడు. దానమ్మ వింటూ వింటూ కూర్చున్నచోటే కూలబడిపోయింది. ఖాకీ చొక్కా, బస్సు, లైసెన్సు, పోయిన ఏళ్ళు, కాలవ గట్టున పడ్డ మాటలు అన్నీ ఆమె మీద ఒక్కసారి పడ్డాయి. రాజుగారి ఇంటి మీదకు వెళ్తానంది. వెళ్తే మర్నాటి నుంచి కూలి ఉండదనీ, పాలెం నిలబడ్డ నేల కూడా ఆయనదేననీ ఆమెకు తెలుసు. వెళ్ళలేదు. ఆ కోపానికి అందుబాటులో ఉన్నది ఇంకొకటే.

పొద్దున్న జోజి గోనెసంచి తీస్తే దానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యేళ నువ్వా ముసల్దాన్ని ఎత్తుకున్నావంటే నేను ఏట్లో దూకుతాను. నీ కాలు తప్పలేదని రాజుగారే అన్నాడు కదా. ఎవరికని మోస్తావు? ఆవిడ నీళ్ళు చల్లుకోడానికా?"

జోజి ఆమె వంక చూశాడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు కదా. గోనె కింద పడేసి, తిన్నగా రాజుగారి తోటకు కాయలొలవడానికి వెళ్ళాడు. ఆ తరువాత మళ్ళీ వీరాయమ్మ గుడిసె ఛాయలకు వెళ్ళలేదు. అతనిది మంచి మనసనీ, దేవుడి మనిషనీ నేను చెప్పగలిగితే బాగుండేది. అలసిపోయిన మనిషి. కూర్చోమంటే కూర్చున్నాడు.

వీరాయమ్మ తేగల బుట్ట ముందు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పొద్దెక్కింది. పంటు వచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఆమె బుట్ట తాడు మెడకు తగిలించుకుని, చేతులు నేల మీద ఆనించి, గట్టు మీదుగా ఒంటిని ఈడ్చుకుంటూ బయలుదేరింది. రేవు చేరేసరికి ఎండ దిగుతున్నది. అరచేతులు చీరుకుపోయాయి, తేగలు సగం దారిలో రాలిపోయాయి. గుంజ దగ్గర ఆమెను చూసి జనం మూగారు.

"ఏమైంది? జోజి ఏడీ?" అని అడిగారు.

ఆమె చుట్టూ చూసింది. పంటు దగ్గర బుల్లిరాజుగారి గుమస్తా కొబ్బరి బస్తాలు ఎక్కిస్తున్నాడు. మూగినవాళ్ళలో సగం మంది రాజుగారి తోటల్లో పనిచేసేవాళ్ళు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. గుమస్తా ఇటు తిరగడం చూసింది.

"వాడి కాలు పడిపోనూ! వాడి కాలు కట్టెల్లో పెట్టా!" అని అరిచింది.

ఎప్పటి తిట్లే కాబట్టి జనం నవ్వుకుంటూ పంటెక్కారు.